కార్ల్స్‌బాడ్ గుహలకు చిన్నపిల్లలతో: నడిచి దిగాలా, లిఫ్టులో దిగాలా?

ప్లేనో కుటుంబం:
అందరికీ నమస్కారం. నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవులకు డాలస్ నుంచి కారులో న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ కావెర్న్స్ జాతీయ ఉద్యానానికి వెళ్లాలని అనుకుంటున్నాము. మాతో ఐదేళ్ల బాబు, ఇరవై నెలల పాప, విశాఖపట్నం నుంచి వచ్చిన మా అత్తగారు ఉంటారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు; రెండేళ్ల కిందట బొర్రా గుహల్లో మెట్లు ఎక్కలేక సగం దారిలోనే ఆగిపోయారు. ఇక్కడ కూడా ఆమె ఒక్కరే పైన కూర్చోవలసి వస్తుందేమోనని నా బెంగ. బాబుకు చీకటంటే భయం. పాపను తోపుడు బండిలో తీసుకువెళ్లవచ్చా? పిల్లలతో వెళ్లివచ్చినవారు తమ అనుభవాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇద్దరు పిల్లల నాన్న:
తోపుడు బండిని కారులోనే వదిలేయండి, గుహ దారుల్లోకి దానిని అనుమతించరు. మేము వెళ్లినప్పుడు మా చిన్నవాడికి రెండేళ్లు నిండలేదు. వాడిని ఛాతీకి కట్టుకునే క్యారియర్‌లో పెట్టుకున్నాను; వీపున ఉంటే పక్కనున్న రాళ్లను చేయి చాచి పట్టుకున్నా మనకు తెలియదు. అక్కడి రాతి ఆకృతులను ఎవరూ ముట్టుకోకూడదు, ఎందుకంటే మన చేతి జిడ్డు అంటుకుంటే రాయి రంగు చెడిపోతుంది.

లోపలికి చేరడానికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది సహజ ముఖద్వారం నుంచి మెలికలు తిరుగుతూ దిగే 1.25 మైళ్ల కాలిబాట. వినడానికి తక్కువే అనిపిస్తుంది గానీ, ఆ కాస్త దూరంలోనే 750 అడుగుల లోతుకు, అంటే 79 అంతస్తుల మేడ దిగినంత కిందికి దిగాలి. రెండవది సందర్శకుల కేంద్రంలోని లిఫ్టు. దాదాపు ఒక్క నిమిషంలో మనల్ని అదే లోతుకు చేరుస్తుంది. రెండు మార్గాలూ బిగ్ రూమ్ అనే మహా మందిరం దగ్గరికే చేరతాయి. ఆ మందిరం చుట్టూ తిరిగే దారి మరో 1.25 మైళ్లు ఉంటుంది, కానీ అది చాలావరకు చదును, కొంత భాగంలో చక్రాల కుర్చీ కూడా నడుస్తుంది. మధ్యలో ఒక అడ్డదారి ఉంది. అటు తిరిగితే నడక సుమారు 0.6 మైలుకు తగ్గిపోతుంది. మీ అత్తగారిని పైన కూర్చోబెట్టవలసిన పని లేదు, లిఫ్టులో దించి ఆ అడ్డదారిన నిదానంగా నడిపించండి.

చీకటి విషయానికి వస్తే, దారి పొడవునా దీపాలు ఉంటాయి. అయితే బొర్రాలో వలె రంగురంగుల వెలుగులు కావు, మసక కాంతి మాత్రమే. మా పెద్దమ్మాయి మొదటి పది నిమిషాలు నా చొక్కా అంచు వదల్లేదు. చేతికి చిన్న టార్చి ఇచ్చిన తరువాత మమ్మల్ని దాటుకుని ముందు నడిచింది.

ఎల్‌పాసో అమ్మ:
పై సలహాలో అత్తగారికి సంబంధించినంత వరకు నేను ఏకీభవిస్తాను. కానీ బాబును కూడా లిఫ్టులోనే దించితే ఆ గుహ లోతు ఎంతో వాడికి ఎన్నటికీ తెలియదు. మా అమ్మాయిని ఆరేళ్లప్పుడు ముఖద్వారం నుంచి నడిపించాము. గుహ ముఖద్వారం దగ్గర గబ్బిలాల రెట్ట వాసన ముక్కుకు తగులుతుంది. వేసవి కావడంతో తలపైన పిచ్చుకల్లాంటి వాన కోయిలలు తిరుగుతూ ఉన్నాయి. ఒక్కొక్క మలుపు దాటే కొద్దీ వెనుక పగటి వెలుగు చిన్నదై, చివరికి కనిపించకుండా పోతుంది. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఆ నడకే తగినంత సమయం ఇస్తుంది కనుక, భయపడే పిల్లలకు లిఫ్టు కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఒక్కసారిగా పాతాళంలో నిలబడవలసి రావడం పిల్లలకు మరింత బెదురు.

కాబట్టి మీరు రెండు జట్లుగా విడిపోండి. మీవారు బాబుతో నడిచి దిగాలి, మీరు పాపతో, అత్తగారితో లిఫ్టులో దిగాలి. పెద్దలకు గంట పట్టే దిగుడుకు ఐదేళ్ల పిల్లవాడితో గంటన్నర వేసుకోండి. లోపల ఫోన్లు పనిచేయవు. కనుక కింద లిఫ్టు దగ్గర ఎన్ని గంటలకు కలవాలో పైనే అనుకోవాలి. మరుగుదొడ్లు కూడా అక్కడే ఉన్నాయి, నడక మొదలైన తరువాత మధ్యలో మరెక్కడా లేవు. బయలుదేరే రోజు ఉదయం లిఫ్టులు నడుస్తున్నాయో లేదో ఉద్యానం వెబ్‌సైటులో తప్పక చూసుకోండి, ఎందుకంటే అవి మరమ్మతులో ఉంటే నడిచి దిగినవారు ఆ 750 అడుగులూ నడిచే ఎక్కాలి. నిద్ర ముంచుకొచ్చిన పిల్లవాడిని భుజాన వేసుకుని ఆ ఎత్తు ఎక్కడం మాటలు కాదు.

ఒక్క నిరాశ మాత్రం మీకు తప్పదు. సాయంకాలం ముఖద్వారం నుంచి గబ్బిలాలు సుళ్లు తిరుగుతూ బయటికి వెళ్లే దృశ్యం మే నెల చివరి నుంచి అక్టోబరు వరకే ఉంటుంది. నవంబరు చివరికి అవి మెక్సికోకు వలస పోయి ఉంటాయి. మేము ఆగస్టులో చూశాము. అక్కడ ఫోనూ కెమెరా వాడనివ్వరు, పిల్లలు గట్టిగా మాట్లాడకూడదు. ఆకాశంలో చీమల బారు పోతోందని మా అమ్మాయి నా చెవిలో చెప్పింది.

మిడ్‌ల్యాండ్ మిత్రుడు:
రెండు చిన్న విషయాలు. డాలస్ కన్నా అక్కడి గడియారం ఒక గంట వెనుక ఉంటుంది, టికెట్ సమయం ఎంచుకునేటప్పుడు మరవకండి. లోపలికి వెళ్లే సమయాన్ని ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు.

ప్లేనో కుటుంబం:
ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మరో రెండు సందేహాలు. అత్తగారు బొర్రాకు వేసుకువెళ్లిన బూట్లే ఇక్కడికీ తెచ్చుకున్నారు, పరవాలేదా? పాపకు గంటకొకసారి ఏదో ఒకటి నోట్లో పడాలి; మరమరాలు, బిస్కెట్లు తీసుకువెళ్లవచ్చా?

గబ్బిలాల అభిమాని:
ఆ బూట్లు వద్దండి. ఇంకో గుహలో వాడిన బట్టలు గానీ చెప్పులు గానీ వేసుకుని రావద్దని అక్కడి నియమం. గబ్బిలాలకు వైట్ నోజ్ సిండ్రోమ్ అనే శిలీంధ్ర వ్యాధి వస్తుంది. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో బయటపడిన నాటి నుంచి ఉత్తర అమెరికాలో అది లక్షలాది గబ్బిలాలను బలిగొన్నది. ఆ శిలీంధ్రపు బీజాలు మనుషుల బూట్లకు, బట్టలకు అంటుకుని ఒక గుహ నుంచి మరో గుహకు చేరగలవు. ఆమెకు వేరే జత కొనండి, రబ్బరు అడుగు ఉన్నదైతే తడి నేల మీద జారదు.

గుహ దారుల్లోకి తీసుకువెళ్లగలిగింది మంచినీళ్లు మాత్రమే. ఈ నియమం చాదస్తం కాదు. 2024లో ఎవరో బిగ్ రూమ్‌లో చీటోస్ అనే మొక్కజొన్న చిరుతిండి పొట్లం ఒకటి పారవేస్తే, గుహలోని తేమకు ఆ మొక్కజొన్న పిండి మెత్తబడి బూజు పట్టింది, దాని చుట్టూ పురుగులు చేరాయి. సిబ్బంది ఆ బూజును జాగ్రత్తగా తుడిచి తీయవలసి వచ్చింది. మరమరాలైతే నాలుగు దిక్కులా ఎగురుతాయి! పాపకు కడుపు నింపిన తరువాతే దించండి.

మరొక మాట. ఉద్యానం సిబ్బంది అయిన రేంజర్లు వెంట ఉండి గుహలోని మరో భాగానికి తీసుకువెళ్లే కింగ్స్ ప్యాలెస్ యాత్ర చాలా బాగుంటుంది గానీ, నాలుగేళ్లు నిండని పిల్లలను అందులోకి రానివ్వరు. లోపల ఏడాది పొడవునా 56 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 13 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, అందరికీ స్వెటర్లు ఉండాలి.

ప్లేనో కుటుంబం:
వెళ్లివచ్చాము. ఎల్‌పాసో అమ్మగారు చెప్పినట్లు రెండు జట్లుగా విడిపోయాము. మావారు, బాబు నడిచి దిగడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది, అందులో సగం సేపు బాబు టార్చితో ప్రతి కంతలోకీ తొంగిచూడడంతోనే గడిచిందట. అత్తగారు నా చేయి పట్టుకుని అడ్డదారిన గంటలో చుట్టివచ్చారు. కింది నుంచి లేచిన ప్రతి సున్నపురాతి స్తంభాన్నీ ఆమె శివలింగంగానే భావించి, ముట్టుకోకుండా దూరం నుంచే దండం పెట్టారు.

తప్పు నా వైపు జరిగింది. పాప కారులో నిద్రపోయి సరిగా తినలేదు, అయినా అలాగే దించాను. తిరిగి లిఫ్టు దగ్గరికి చేరేసరికి ఏడుపు లంకించుకుంది. ఆ గోడల మధ్య ఒక పాప ఏడుపు నలుగురు పాపల ఏడుపులా వినిపిస్తుంది. అత్తగారిని అక్కడే కూర్చోబెట్టి పాపను పైకి తీసుకువెళ్లి పాలు పట్టించాను. ఫోను పనిచేయదు కనుక, మావారికి చెప్పడానికి అత్తగారే అక్కడ కాపలా ఉన్నారు. సమయం, చోటు ముందే అనుకోకపోతే ఒకరినొకరు వెతుక్కునేవాళ్లమే.

బాబు బిగ్ రూమ్ దారి మొత్తం తిరిగాడు, చివరి భాగం తండ్రి భుజాల మీద. వాడికి అన్నిటికన్నా నచ్చింది మిర్రర్ లేక్ అనే చిన్న నీటి మడుగు. అక్కడ పేరు పలకను తలకిందులుగా రాసి పెట్టారు, నీటిలోని నీడను చూస్తేనే అక్షరాలు సరిగా కనిపిస్తాయి. వాడు ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు, నీళ్లలో చదివిన ఆ మాటను దారంతా అందరికీ వినిపించాడు.

గబ్బిలాల కోసం వచ్చే ఆగస్టులో మళ్లీ వెళ్దామని అంటున్నాడు. అప్పటికి పాపకు రెండున్నరేళ్లయినా నిండవు, కింగ్స్ ప్యాలెస్‌కు మేము వంతులు వేసుకోవలసిందే.