తాబేలు గూటిని చలికాలంలో ప్రమాదం లేకుండా వెచ్చగా ఉంచడం ఎలా?

నమస్కారం. మేము డాలస్‌లో ఉంటాం. పెరట్లో పదిహేను కిలోల సల్కాటా తాబేలు ఉంది. సహారా దక్షిణపు అంచుల జీవి; చలికాలమంతా నిద్రలో గడిపే రకం కాదు, కాబట్టి రాత్రిళ్ళు వెచ్చదనం తప్పనిసరి. చెక్కతో గూడు కట్టి, లోపల ఎండుగడ్డి పరిచాను. పోయిన ఏడాది వేడి బల్బు వేలాడదీస్తే, ఒక రాత్రి ఆ మహానుభావుడు వైరును లాగి బల్బును గడ్డి మీద పడేశాడు. కమురు వాసన పసిగట్టి పరుగెత్తాను కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి బల్బంటేనే భయం.

ఈసారి ఆయిల్ హీటర్ పెట్టి, థర్మోస్టాట్‌తో 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలపాలనుకుంటున్నాను. తాబేలు దాన్ని గుద్దకుండా ఇటుకల అడ్డు సరిపోతుందా, ఇనుప కంచె కావాలా? పైకప్పుకు బిగించే వేడి పలక మేలా? పైనుంచి వచ్చే వేడికి డొప్ప ఎండిపోతుందేమోనని నా సందేహం.

అన్నిటికంటే పెద్ద బెంగ, 2021 ఫిబ్రవరిలోలా కరెంటు పోతే? అప్పుడు అది అరచేతిలో పట్టేది, స్నానాల గదిలో ఉంచాం. ఇప్పుడు ఎత్తితే నడుము పట్టేస్తుంది, పైగా మా ఆవిడ ఆ గది ఇచ్చేది లేదంటోంది. పెద్ద తాబేళ్లను పెంచినవారు మీరేం చేశారో చెప్పగలరా?