సమస్య: కాల్చ నెత్తిన చేతితో కౌగిలించె (తేటగీతి)

సమస్య ఇచ్చినవాడు, నల్లగొండ:
రాత్రి 1926 నాటి మూకీ చూశా, ‘ఫ్లెష్ అండ్ ద డెవిల్’. గ్రెటా గార్బో, జాన్ గిల్బర్ట్. లియో తన ప్రియురాలి మొగుణ్ణి ద్వంద్వయుద్ధంలో చంపి, ఆఫ్రికా పోతూ పోతూ ఆమెను కాస్త చూసుకోమని ప్రాణస్నేహితుడు ఉల్రిక్‌కు అప్పగిస్తాడు, అసలు సంగతి మాత్రం చెప్పడు. తిరిగొచ్చేసరికి ఆమె ఉల్రిక్ పెళ్లాం. చివరికి చిన్నప్పుడు ఆడుకున్న దీవిలోనే, మంచులో, ఇద్దరూ పిస్తోళ్లు పట్టుకుని నిలబడతారు. ఈ పాదం అక్కడ పుట్టింది. దీన్నే చివరి పాదంగా పెట్టి, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. సినిమా కథే చెప్పాలని లేదు.

నకిరేకల్ సభ్యుడు:
చిన్ననాటి నేస్తమునకు చేటు సేసి
నిదుర కరువయ్యె నొకనికి, నిజము దెలిసి
మంచుదీవిని నిలిచిన మరొకడపుడు
కాల్చ నెత్తిన చేతితో కౌగిలించె

దేవరకొండ మాస్టారు:
మంచుదీవి బాగుంది. కానీ ‘చేటు సేసి నిదుర కరువయ్యె’ అంటే చేటు చేసింది నిదురే అవుతుంది కదా సారూ! ‘నిదుర మానె నొకండట, నిజము దెలిసి’ అనండి, కర్త కుదురుతుంది, గణాలూ (గురులఘువుల కొలత) చెడవు.

నకిరేకల్ సభ్యుడు:
నిజమే మాస్టారూ, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) చూసుకునే టెన్షన్‌లో కర్తను మర్చిపోయా. మార్చుకుంటా.

సమస్య ఇచ్చినవాడు:
నాకింకో వెలితి ఉంది. లియో చేసిన ద్రోహం నోరు విప్పకపోవడమే. ‘చేటు’ అంటే పొలం గట్టు జరిపినా చేటే, ఆ దాచిపెట్టడం పద్యంలోకి రాలేదు.

జడ్చర్ల సభ్యుడు:
మావైపు కాల్చడమంటే బీడీనే అన్నా!
పాలమూరి బస్సు దిగిన పాత దోస్తు
బాకి యెగ్గొట్టి పోయిన వాడె యైన
బీడి చేతబట్టిన మామ వేడుకలర
కాల్చ నెత్తిన చేతితో కౌగిలించె

దేవరకొండ మాస్టారు:
హహ్హ, ఆ దోస్తు చొక్కాకు వీపు మీద బొక్క పడిందా లేదా? బాకీ తీరినట్టే. బ-వ యతి రెండు పాదాల్లోనూ వాడారు, చెల్లుతుంది, కానీ వరుసగా వస్తే చెవికి కొంచెం పలచన.

కొత్త సభ్యుడు, మిర్యాలగూడ:
మొదటి పాదమే వచ్చింది సార్. ‘స్నేహితుని మోసగించిన పాపి యొకడు’.

దేవరకొండ మాస్టారు:
గణాలు సరిపోయాయి, యతి తప్పింది. ‘పాపి యొకడు’ తీసి ‘నీచు డొకడు’ పెట్టు. ‘స్నే’లో నకారం ఉంది కాబట్టి ‘నీ’తో యతి కుదురుతుంది. ఇంకో రెండు పాదాలే బాకీ తమ్మీ, రేపటికల్లా పంపు.