కృత్రిమ కేశాలతో అల్లిన జడలు: తల దురద తగ్గేదెలా?

ప్రశ్న (నల్గొండ): మా ఆడపడుచు పెళ్లి కోసం కృత్రిమ కేశాలు కలిపి సన్నని జడలు అల్లించుకున్నాను. నాలుగు రోజులుగా పాపిట్ల వెంట దురద, మంట నిద్ర పట్టనీయడం లేదు. పెళ్లికి ఇంకా వారం ఉన్నందున, జడలు విప్పకుండా ఉపశమనం పొందే మార్గం ఉంటే తెలియజేయగలరు.

మొదటి జవాబు: ఆ పోగులకు తయారీలో పట్టించే పూత కొందరి చర్మానికి పడదు, అల్లకముందే వాటిని యాపిల్ సిడర్ వెనిగర్ కలిపిన నీటిలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి ఉండవలసింది. ఇప్పుడైతే షాంపూను నీళ్లలో పలుచగా కలిపి, సన్నని మూతి ఉన్న సీసాతో పాపిట్లలో పోసి, వేలికొసలతో మృదువుగా రుద్ది, నురుగు పూర్తిగా పోయేదాకా కడగండి. కుదుళ్ల దాకా ఆరనివ్వండి. తడి నిలిస్తే దురద పెరుగుతుంది.

రెండవ జవాబు (మహబూబ్‌నగర్): అక్కా, నా విషయంలో దోషం పూతది కాదు, బిగింపుది. నుదుటి అంచున పొక్కులు వచ్చినా, చర్మం లాగినట్లున్నా ఆ వరుసను వెంటనే విప్పించండి. బిగువు చాలాకాలం కొనసాగితే అక్కడి జుట్టు శాశ్వతంగా పోవచ్చు. పెళ్లి జడకు మన సవరం చాలదా అని మా అమ్మ అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేకపోయింది.

మూడవ జవాబు: కొబ్బరినూనె దట్టంగా పట్టించకండి; చుండ్రు ఉంటే అది మరింత పెరగవచ్చు. చీము, వాపు కనిపిస్తే పెళ్లి తేదీ చూడకుండా చర్మవైద్యుని వద్దకు వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు: ముందు వరుస విప్పించాను, మంట సగానికి తగ్గింది.