రాజీ కుదుర్చుకుని తీర్చిన అప్పు ఏడేళ్లపాటు వెంటాడాలా?

హామీ సంతకం చేసినవాడు:

మా పెదనాన్నగారి అబ్బాయి 2018లో తీసుకున్న వ్యాపార రుణానికి నేను హామీదారుగా సంతకం చేశాను. 2020లో వ్యాపారం దెబ్బతిని వాయిదాలు ఆగిపోయాయి. చివరికి బ్యాంకు వారే ఒకేసారి చెల్లింపు కింద కొంత తగ్గించి ఒక మొత్తం చెబితే, ఇద్దరం కలిసి కట్టేశాం. బకాయి లేదని ఉత్తరం కూడా ఇచ్చారు. ఇటీవల ఇంటి రుణం కోసం మరో బ్యాంకుకు వెళ్లినప్పుడు అక్కడి అధికారి నా పాన్ నంబరు కొట్టి, తెరను నా వైపు తిప్పారు. నెలకొక గడి చొప్పున వరుసగా గడులున్నాయి. మొదట అన్నీ సున్నాలే. ఆ తరువాత వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో చెప్పే 030, 060, 090, ఇంకొంచెం ముందుకు వెళితే ‘సబ్’ (మొండి బాకీగా మారిన ఖాతాకు వేసే గుర్తు) అన్న అక్షరాలు, అన్నింటి కింద ‘సెటిల్డ్’ అన్న మాట. ‘‘మీ సిబిల్ పాడైంది, మా వల్ల కాదు’’ అని ఆయన మర్యాదగానే చెప్పారు. బ్యాంకు ఒప్పుకున్న మొత్తాన్నే కట్టినప్పుడు, నన్ను బ్లాక్‌లిస్టులో పెట్టడం న్యాయమేనా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

ముందుగా ఒక మాట. వ్యక్తిగత రుణగ్రహీతలకు ‘బ్లాక్‌లిస్టు’ అంటూ ఒకటి లేదు. 2005 నాటి రుణ సమాచార సంస్థల చట్టం కింద ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు రుణ చరిత్రను నమోదు చేస్తాయి. అప్పు ఇవ్వాలో వద్దో అవి చెప్పవు, ఆ నిర్ణయం బ్యాంకుదే. పాన్‌తో పాటు పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, చిరునామా కూడా పోల్చి చూస్తారు కనుక కొత్త పాన్ తీసుకుంటే పాత చరిత్ర పోతుందని ఎవరైనా సలహా ఇస్తే నమ్మకండి. ఒకే వ్యక్తికి రెండు పాన్‌లు ఉంటే పదివేల రూపాయల జరిమానా ఉంది.

ఇక ‘సెటిల్డ్’ సంగతి. వాయిదా తొంభై రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తి అవుతుంది, అప్పటి నుంచి బ్యాంకు తన లాభంలోంచి కొంత పక్కన పెట్టాలి. రాజీలో వదులుకున్న సొమ్ము డిపాజిటర్ల డబ్బు నుంచి ఇచ్చిన అప్పులో భాగమే. పూర్తిగా తీర్చిన ఖాతాకు ‘క్లోజ్డ్’ అనీ, కొంత వదిలేయించుకున్న ఖాతాకు ‘సెటిల్డ్’ అనీ వేరుగా రాయకపోతే, తరువాత అప్పిచ్చేవాడిని మోసం చేసినట్టే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. సంతకం పెట్టేటప్పుడు ఇది చదివేవారు నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు బహు కొద్దిమందే కనిపించారు.

వకీలు:

ఉద్యోగి గారు చెప్పిన చట్టం సరైనదే, కానీ దాని తూకం సరిగా లేదన్నది నా వాదన. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మామూలు అప్పు మీద దావా వేసే హక్కు మూడేళ్లకు చెల్లిపోతుంది (మధ్యలో అప్పును రాతపూర్వకంగా ఒప్పుకుంటే మళ్లీ మొదలవుతుంది). రుణ చరిత్రను మాత్రం కనీసం ఏడేళ్లు ఉంచాలని నిబంధన. ‘కనీసం’ అన్న మాటను గమనించండి. అది కింది హద్దు మాత్రమే, ఏడేళ్లు నిండగానే తుడిచేయాలని అందులో లేదు. కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయాక కూడా శిక్ష కొనసాగుతోందంటే, ఆ శిక్షను వేసింది ఏ న్యాయమూర్తి?

మరొకటి. 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఉద్దేశపూర్వక ఎగవేతదారులతో, మోసంగా తేలిన ఖాతాలతో సైతం బ్యాంకులు రాజీ చేసుకోవచ్చు. వ్యవసాయేతర రుణాల్లో రాజీ తరువాత కొత్త అప్పు ఇవ్వడానికి కనీసం పన్నెండు నెలలు ఆగాలి. పెద్దవారికి ఏడాది, హామీ సంతకం పెట్టిన మధ్యతరగతి వాడికి ఏడేళ్లా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

వకీలు గారూ, ఆ పోలిక నిలవదు. పన్నెండు నెలలన్నది రాజీ చేసుకున్న బ్యాంకు ఆగవలసిన కనీస గడువు మాత్రమే. పెద్దవారి చరిత్ర కూడా ఆ నివేదికల్లోనే ఉంటుంది, అది ఏడాదికి మాసిపోదు. మీ మొదటి వాదనలోనూ ఒక చిక్కు ఉంది. కాలపరిమితి దాటితే దావా పోతుంది కానీ అప్పు పోదు.

వకీలు:

ఏడాదికీ ఏడేళ్లకూ పెట్టిన పోలికలో తొందరపడ్డాను, ఒప్పుకుంటున్నాను. అయితే నా అసలు అభ్యంతరం అప్పు దగ్గర ఆగడం లేదు. అప్పు కట్టలేకపోవడం దానంతట అది నేరం కాదు. జైలు ప్రసక్తి వచ్చేది చెక్కు చెల్లకపోవడం వంటి వేరే తప్పులకు. మరి అదే నివేదికను ఉద్యోగం ఇవ్వడానికీ వాడితే? రుణ చరిత్ర బాగాలేదని స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే, మద్రాసు హైకోర్టు 2025లో దాన్ని సమర్థించింది. అప్పు తీర్చడానికి జీతం కావాలి, జీతం కోసం అప్పు తీర్చి ఉండాలి అంటే ఇక మనిషి ఎటు పోవాలి?

వేరొకరి అప్పు మోసినవాడు:

నా నివేదికలో నేను ఎన్నడూ చూడని ద్విచక్ర వాహన రుణం ఉంది. పాన్‌లో ఒక అక్షరం తప్పుగా నమోదు చేశారు. ఫిర్యాదును ముప్పై రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తరువాత రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 నుంచి ఉంది కాబట్టి, తేదీ వేసి రాతపూర్వకంగానే ఇచ్చాను. ఇరవై ఎనిమిదో రోజున సరిచేశారు. ప్రతి సంస్థ నుంచీ ఏడాదికొకసారి పూర్తి నివేదిక ఉచితంగా వస్తుంది, తీసి చూడండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:

ఉద్యోగాల విషయంలో వకీలు గారితో సగం ఏకీభవిస్తాను. ఇతరుల సొమ్ము చేతులు మారే బ్యాంకు కొలువుకు ఆ పరిశీలనలో అర్థం ఉంది, మరే ఇతర కొలువుకైనా లేదు. నమోదు మాత్రం ఉండాల్సిందే. లోపమల్లా ఆ నమోదును చదివే తీరులో ఉంది. వ్యాపారం దెబ్బతిన్నవాడికీ, డబ్బుండీ ఎగ్గొట్టినవాడికీ, సోదరుడి కోసం హామీ ఉన్నవాడికీ గడిలో కనిపించేది అదే 090. స్కోరు చూసి దరఖాస్తు మూసేసే అధికారి తన పనిని యంత్రానికి అప్పగించినట్టే.

హామీ సంతకం చేసినవారు ఒకటి చేయవచ్చు. రాజీలో వదిలేసిన మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడిగి, స్తోమత ఉంటే అది కట్టి, ఖాతాను ‘క్లోజ్డ్’గా మార్చమని కోరవచ్చు. పాత గడులు చెరగవు కానీ చివరి మాట మారుతుంది.

హామీ సంతకం చేసినవాడు:

ఉద్యోగి గారూ, ఆ మొత్తం ఎంతో చెప్పమని నిన్న పాత శాఖకు ఉత్తరం రాసి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. మా అన్నయ్య సగం కడతానన్నాడు. అంకె తెలిశాక ఇక్కడే రాస్తాను. అది మేము మోయలేనంతదైతే వకీలు గారి వాదనవైపే ఉంటానని ఇప్పుడే చెబుతున్నాను.