రెండో గీత మసగ్గా వచ్చింది, ఏం చేయమంటారు?

నమస్కారమండి. మాది అంతర్వేది దగ్గర పల్లెటూరు. నెల తప్పి 6 రోజులైంది. నిన్న సాయంత్రం ప్రెగ్నెన్సీ కిట్‌తో చూసుకుంటే రెండో గీత పడీ పడనట్టుగా వచ్చింది. అరగంట పోయాక చూస్తే కొంచెం ముదిరినట్టుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా? పైగా మధ్యాహ్నం ఎండకి రెండు బొండాలు తాగాను; మూత్రం పల్చబడితే హెచ్‌సీజీ (గర్భం వస్తే ఒంట్లో పెరిగే హార్మోన్) సరిగా తెలియదంటారు కదా.

రేపు పొద్దున్నే మొదటి మూత్రంతో మళ్ళీ చూడనా, లేక రాజోలు వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోనా? అది 48 గంటల తేడాతో రెండుసార్లు చేయించుకోవాలంటారు, అలా చేయించుకున్నవాళ్ళెవరైనా ఉన్నారా?

పోయినేడు రెండో నెలలోనే పోయింది. అందుకే అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు, మా ఆయనకే తెలుసు. రాత్రంతా నిద్ర లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, దయచేసి.