గ్లాండర్స్ కాంప్లిమెంట్ ఫిక్సేషన్ పరీక్ష (సి.ఎఫ్.టి.)లో కాంప్లిమెంట్ బలం రోజుకో విధంగా వస్తోంది – కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న:
మా పశువైద్య ప్రయోగశాలలో గుర్రాలు, గాడిదల సీరం నమూనాలపై గ్లాండర్స్ (గుర్రం జాతి పశువులకు వచ్చే బాక్టీరియా అంటువ్యాధి) కోసం కాంప్లిమెంట్ ఫిక్సేషన్ పరీక్షను మొదలుపెడుతున్నాము. సీరంలో ఆ వ్యాధి యాంటీబాడీలు ఉంటే, అవి యాంటిజెన్‌తో (వ్యాధి బాక్టీరియా పదార్థంతో) కలిసి కాంప్లిమెంట్‌ను ఖర్చు చేస్తాయి, అప్పుడు గుంటలో వేసిన గొర్రె కణాలు పగలవు. కాంప్లిమెంట్ (కణాలను పగలగొట్టే సీరం ప్రోటీన్లు) కోసం గినీ పందుల సీరాన్ని ఒకేసారి సేకరించి, కలిపి, చిన్న వయల్స్‌లో పోసి గడ్డకట్టించి ఉంచినప్పటికీ, టైట్రేషన్‌లో (పలుచన చేస్తూ బలం కొలిచినప్పుడు) దాని బలం ఒక రోజు ఉన్నట్టు మరో రోజు ఉండడం లేదు. అదీగాక కొన్ని గాడిద సీరాలకు యాంటిజెన్ కలపని కంట్రోల్ గుంటలో కూడా కణాలు పగలకుండా అడుగున పేరుకుంటున్నాయి. ముందుగా దేనిని సరిచూసుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
కాంప్లిమెంట్‌ను తప్పుపట్టే ముందు గొర్రె ఎర్ర రక్తకణాలను పరిశీలించండి. ఆ రక్తాన్ని నిల్వ ఉంచే ఆల్సీవర్ ద్రావణంలో సిట్రేట్ ఉంటుంది. అది కాంప్లిమెంట్ పనిచేయడానికి అవసరమైన కాల్షియాన్ని పట్టేస్తుంది కనుక, కణాలను సరిగా కడగకపోతే మంచి కాంప్లిమెంట్ కూడా బలహీనంగా కనిపిస్తుంది. వెరోనాల్ బఫర్‌తో కనీసం మూడుసార్లు కడగాలి. చివరిసారి సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేలిన ద్రవం నీళ్లలా తేటగా ఉండాలి. లేత గులాబీ రంగు కనిపించినా ఆ రక్తాన్ని పక్కన పెట్టేయడమే మేలు. కణాల సాంద్రత కూడా ముఖ్యమే: 3 శాతం అనుకున్నది 4 శాతమైతే, అదే కాంప్లిమెంట్ ఎక్కువ కణాలను పగలగొట్టవలసి వస్తుంది. బఫర్‌లో కాల్షియం, మెగ్నీషియం తగినంత ఉన్నాయో లేదో కూడా చూడండి. హీమోలైసిన్ (గొర్రె కణాలకు అంటుకుని, కాంప్లిమెంట్ వాటిని పగలగొట్టేలా చేసే యాంటీబాడీ) త్వరగా చెడదు, దానిని చివర చూసినా సరిపోతుంది.

జవాబు 2:
పై మాటలతో ఏకీభవిస్తాను గానీ, కాంప్లిమెంట్‌ను అంత తేలిగ్గా వదలలేము. మైనస్ 70 డిగ్రీల వద్ద ఉంచిన వయల్‌ను ఐసు మీదే కరిగించాలి, మిగిలినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు, పలుచన చేశాక కూడా ఐసు మీదే ఉంచి వెంటనే వాడాలి. ప్రతి పరీక్ష రోజున, అదే రోజు కణాలతో, అదే బఫర్‌తో టైట్రేషన్ చేయడం తప్పనిసరి. నిన్నటి అంకెను నేటికి వాడడం కుదరదు.

జవాబు 3:
గాడిద సీరాల సంగతి వేరు. వాటికి కాంప్లిమెంట్‌ను స్వయంగా హరించే గుణం తరచూ ఉంటుంది. పరీక్షించే సీరంలోని సొంత కాంప్లిమెంట్ పోవడానికి, గుర్రం సీరాన్ని 58 నుంచి 60 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడి చేస్తే చాలు. గాడిద, కంచర గాడిద సీరాలను పలుచన చేసి 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచాలి. వాటర్ బాత్ తెర మీది అంకెను నమ్మకుండా, నీటిలో థర్మామీటర్ పెట్టి చూడండి. అప్పటికీ కంట్రోల్ గుంటలో కణాలు పగలకపోతే ఆ నమూనాకు పాజిటివ్ అనీ నెగెటివ్ అనీ రాయకండి. గ్లాండర్స్ తేలిన పశువును చంపవలసి వస్తుంది, ఆ గాడిదే ఒక కుటుంబానికి జీవనాధారం కావచ్చు. కొత్తగా రక్తం తెప్పించి మళ్లీ పరీక్షించండి.