1947 నాటి పల్లె బట్టలు, మేకప్ తక్కువ ఖర్చులో ఎలా?

అందరికీ నమస్కారం. స్నేహితులం కలిసి సొంత డబ్బుతో ఒక చిన్న సినిమా తీస్తున్నాం. కథ 1947లో, నిజాం పాలనలోని నల్లగొండ పల్లెలో జరుగుతుంది. దొర గడిలో పనిచేసే జీతగాళ్లవే ముఖ్య పాత్రలు. బట్టలకు, మేకప్‌కు కలిపి ఉన్నది నలభై వేలే.

గొంగడ్లు ఊళ్లో అడిగి తెచ్చుకున్నాం, పాతవే కాబట్టి దిగుల్లేదు. చిక్కంతా పంచెలు, రుమాళ్లు, ముతక చీరలతోనే. హైదరాబాద్ కృష్ణానగర్‌లో అద్దెకు అడిగితే తళతళలాడే పాలిస్టర్ చూపించారు. అందుకే చేనేత నూలు బట్ట కొని, టీ డికాషన్‌లో ఉడకబెట్టి, మోకాళ్ల దగ్గర గరుకు కాగితంతో రుద్దాం. రంగు బాగానే పట్టింది కానీ ఒక్క ఉతుకుకే మచ్చలు మచ్చలుగా తేలింది. ముందే గంజి పోయేలా ఉతికితే చాలా, పటిక కూడా వేయాలా? కంటిన్యూటీ (షాట్ షాట్‌కీ బట్టలు ఒకేలా కనిపించడం) కోసం ఒక్కో పాత్రకు రెండు జతలు కావాలి, రెండూ ఒకేలా మాయాలి. అసలు టెన్షన్ అదే.

ఇక మేకప్. షూటింగ్ ఏప్రిల్ ఎండలో. టెస్ట్ షూట్‌లో స్పిరిట్ గమ్‌తో అంటించిన మీసం చెమటకు గంటలోనే అంచులు లేచింది. మేకప్ చూస్తున్నది పద్యనాటకాలు ఆడే మా బాబాయి. ఆయన చేయి పడితే కూలివాడు కూడా హరిశ్చంద్రుడిలా వెలిగిపోతున్నాడు! ఎండకు కమిలిన చర్మం, పగిలిన మడమలు కెమెరాకు దగ్గరగా నిజంలా కనిపించాలంటే ఏం వాడాలి? నటుల్లో ఒకరికి చర్మం తొందరగా దద్దుర్లెక్కుతుంది, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.